భారతమ్మకు పోయిన మెసేజి

నానిన బొరుగులను పిడికిట్లో పిండి తాలింపులో వేస్తూ, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని రామేశ్వరమ్మ ఆఫీసు మీటింగు వింటోంది. బెంగళూరు వాళ్లు తొమ్మిదింటికి మీటింగు పెడతారు. జమ్మలమడుగు దగ్గరి ఆ పల్లెలో, అత్తగారింటి మగవాళ్లు ఉగ్గానికి కూర్చునేది కూడా అప్పుడే. ఒక సహకార బ్యాంకు యాప్‌లో పెద్ద లోపం బయటపడిందని, ఎవరి ఖాతాలోకైనా ఎవరైనా దూరిపోయేలా ఉందని మేనేజరు చెబుతున్నాడు. ఆ లోపాన్ని పట్టుకున్నది రామేశ్వరమ్మే. పిల్లను బడికి పంపి, వంట ముగించి, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళల్లో కూర్చుని వెతికి వెతికి పట్టుకుంది. మేనేజరు మాత్రం, మంచి పని చేశావు కార్తీక్, అన్నాడు. ఆమెతో పాటు అదే జట్టులో పనిచేసే కార్తీక్ కూడా కాదనలేదు. అది తాను చేసిన పని అని చెప్పాలంటే మైకు తెరవాలి, తెరవాలంటే చేతికంటిన నూనె తుడుచుకోవాలి. ఈలోగా నడవలోంచి చిన్నమామ కారప్పొడి అడిగాడు. ఆమె గిన్నె తీసుకెళ్లి వడ్డించి వచ్చేసరికి మీటింగు వేరే విషయంలోకి వెళ్లిపోయింది.

రామేశ్వరమ్మ పుట్టింది ప్రొద్దుటూరులో. ఇంజనీరింగు చదివి, బెంగళూరులో ఉద్యోగం చేస్తుండగా ఆదినారాయణతో పెళ్లయింది. కరోనా వచ్చి ఉద్యోగాలు ఇళ్లలోకి వచ్చాక, ఇక బెంగళూరు ఎందుకని అత్తగారింటివాళ్లు ఆమెను పల్లెకు తెచ్చుకున్నారు. బ్యాంకులూ ఆసుపత్రులూ తమ కంప్యూటర్లలోకి దొంగలు ఎటునుంచి రాగలరో ముందే కనిపెట్టి చెప్పమని ఆమె కంపెనీకి పని అప్పగిస్తాయి. కనిపెట్టేవాళ్లలో ఆమె ఒకతె. ఆదినారాయణ దృష్టిలో అది కూర్చున్న చోటనే మీటలు నొక్కే పని. అలసిపోయానని ఎప్పుడైనా అంటే, "నువ్వేమన్నా చేనికి పోయొచ్చినావా, అలిసిపోయేకి" అనేవాడు. ఊళ్లో వాళ్ల ఆధార్ కార్డుల మార్పులు, పిల్లల హాల్ టికెట్లు, పార్టీ సభకు పోస్టర్లు, మామ వరుసైన వాళ్ల ఫోన్లలో మర్చిపోయిన పాస్‌వర్డులు అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. నీకదొక లెక్కా, అనేవాళ్లు. లెక్కలేని పనికి ఎవరూ కృతజ్ఞత చెప్పరు. ఆమె ఫోనుకు తాళం కూడా ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలో పెట్టుకుంటే, ఏం దాచిపెట్టుకున్నావని ఆదినారాయణ అడిగాడు. ఆ ప్రశ్న మళ్లీ వినలేక తీసేసింది. ప్రపంచానికంతా తాళాలు వేసుకోమని చెప్పడమే ఆమె ఉద్యోగం.

ఆ ఇంటికి పెద్దదిక్కు చిన్నసుబ్బయ్య. ఆదినారాయణకు చిన్నాయన, రామేశ్వరమ్మకు చిన్నమామ. ఊళ్లో రెండు వర్గాలు బాంబులు వేసుకునే కాలంలో ఆదినారాయణ తండ్రిని పొలం దగ్గరే నరికి చంపారు. కేసు నడిచింది. తర్వాత ఎన్నికలు వచ్చాయి, పార్టీలు మారాయి, రెండు వర్గాలూ రాజీ పడ్డాయి, సాక్ష్యం లేక కేసు కొట్టేశారు. అత్త సుంకులమ్మ అప్పటికి ఇరవై అయిదు కూడా దాటని మనిషి. బిడ్డను పెట్టుకుని మరిది నీడలోనే ఉండిపోయింది. ఆమె మాట్లాడటం చాలా తక్కువ. కోడలు ల్యాప్‌టాప్ ముందు ఉంటే వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది, అంతే. రామేశ్వరమ్మ ఆ చప్పుడును సాధింపుగానే లెక్కేసుకుంది.

కిందటి ఎన్నికల్లో బాలన్న అనే మనిషి చనిపోయాడు. గొర్రెల కాపరి. ఎదుటి పార్టీకి పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు, అదే అతను చేసిన తప్పు. గొర్రెల దొడ్డి దగ్గర నరికారు. మొదటి ముద్దాయి చిన్నసుబ్బయ్య కొడుకు. కళ్లారా చూసిన సాక్షి ఒక్కతే ఉంది, బాలన్న భార్య భారతమ్మ. ఆమె గొర్రెలన్నీ అమ్మేసి, కూతురిని తీసుకుని ఒకరోజు ఊరు విడిచి వెళ్లిపోయింది. ఎక్కడుందో పోలీసులకు తప్ప ఎవరికీ తెలియదు. కేసు విచారణకు వచ్చే రోజులు దగ్గర పడ్డాయి. మళ్లీ ఎన్నికలూ దగ్గర పడ్డాయి.

ఒక ఆదివారం చిన్నసుబ్బయ్య రామేశ్వరమ్మను పిలిచి, పక్కన కుర్చీ చూపించాడు. ఆ ఇంట్లో ఆయన ఎదుట ఆడవాళ్లు కూర్చోరు. ఆమె నిలబడే ఉంది.

"పాపా, ఒక నంబరిస్తా. ఆ ఫోను యాడుండాదో చూసి చెప్పు. నీకు శాతనయ్యే పనే గదా."

"ఎవురిది చిన్నమామా?"

"భారతమ్మది. మాట్లాడుకుందామనే లేమ్మా. రాజీకే."

రామేశ్వరమ్మ నేల చూస్తూనే చెప్పింది. "ఆ ఫోను ఎవురిదో వాళ్లు ఒప్పుకుంటేనే మేము ముట్టేది. ఒప్పుకోకుండా ముడితే మాకూ దొంగోళ్లకూ తేడా ఏముంది చిన్నమామా. నేను చెయ్యను."

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. ఇంటి పనికి కూడా పర్మిషన్ కావల్లనంట, అని పక్కన ఉన్నవాళ్లతో అన్నాడు. వాళ్లూ నవ్వారు. ఆ నవ్వు ఆదినారాయణకు తగిలింది. మధ్యాహ్నం గదిలోకి వచ్చి తలుపు వేసి, తన పెళ్లాం చాతనయ్యీ చెయ్యనంటే తాను ఎక్కడ తలెత్తుకోవాలని అడిగాడు. జడ్పీటీసీ టికెట్టు చిన్నాయన చేతిలో ఉందని, ఆ సంగతి తెలిసి కూడా నలుగురిలో పరువు తీసిందని అన్నాడు. రాజీకి పిలవాలంటే చిరునామా ఎందుకు, ఫోన్‌లోనే మాట్లాడొచ్చు కదా అని ఆమె అడిగింది. ఆ తర్వాత చాలా రోజులు అతను అన్నం పెట్టమని కూడా అడగలేదు, పెడితే తినేవాడు.

తర్వాత అతను మారాడు. ఒక మధ్యాహ్నం కుర్చీ లాక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు. పల్లెటూరి ఖాతాదారులను మోసాల నుంచి హెచ్చరించడానికి ఒక బ్యాంకు కోసం తెలుగులో పాఠం తయారు చేస్తున్నానని ఆమె చెప్పింది. అతను ఒక్కొక్కటే అడిగాడు. మనుషులు ఎట్లాంటి మాటకు పడిపోతారు, ఎవరు తొందరగా పడిపోతారు అని. ఆమె సంతోషంగా చెప్పుకుపోయింది. లాటరీ తగిలిందంటే ఈ రోజుల్లో ఎవరూ నమ్మరు, ఉన్నది పోతుందంటే మాత్రం ఎవరైనా కంగారుపడి నొక్కేస్తారు, నొక్కగానే ఫోనులోకి దొంగ యాప్ దిగి వాళ్లు ఎక్కడికి వెళ్లేదీ వచ్చేదీ ఎవరికో చెబుతుంటుంది అని వివరించింది. ఉదాహరణకు తానే రాసిన మెసేజి చూపించింది: 'అమ్మా, మీ వితంతు పింఛను వచ్చే నెల నుంచి ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే కింద నొక్కి మీ వివరాలు సరిచూసుకోండి.' ప్రభుత్వం వాళ్లు రాసే తెలుగు ఎవరికీ అర్థం కాదని, అందుకే ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు రాశానని అంది. అతను మెచ్చుకున్నాడు. పార్టీ గ్రూపుల్లో పెడితే మనవాళ్లు జాగ్రత్త పడతారు, నాకొకటి పంపించు అన్నాడు. ఆమె పంపించింది. ఆ సాయంత్రం అతనే టీ కాచి తెచ్చాడు. రామేశ్వరమ్మ ప్రొద్దుటూరులో ఉన్న తల్లికి ఫోను చేసి, ఆయన నా పని గురించి అడిగినాడు మా, అని చెప్పింది. ఒక మనిషి తన పక్కన కూర్చుని తన పని గురించి అడిగితే కళ్లలో నీళ్లు తిరిగేంత కరువులో ఇన్నాళ్లు బతికానని అప్పుడు కూడా ఆమెకు తోచలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఆమె పెరట్లో చెనిక్కాయలు వలుస్తుంటే ఆదినారాయణ వచ్చి తన ఫోను ఆమె ఒళ్లో పెట్టాడు. టీవీ రిమోటు పనిచేయకపోయినా, ప్రింటరు ఆగిపోయినా అలాగే తెచ్చి పెడతాడు.

"ఈ చుక్క నిన్నటి నుంచి కదల్లే. ఫోను ఆఫయిందా, ఇంకేమన్నా చిక్కుండాదా చూడు."

తెర మీద మ్యాపు ఉంది. పులివెందుల. బస్టాండు వెనక ఒక సందు. అందులో ఎర్రటి చుక్క. అది ఎవరిదని ఆమె అడగలేదు. పక్కనే మెసేజి కూడా ఉంది. 'అమ్మా, మీ వితంతు పింఛను...' ఒక్క అక్షరం మార్చలేదు. 'సరిచూసుకోండి' అన్న మాటను ఎంచుకోవడానికి ఎంత సేపు ఆలోచించిందో ఆమెకు గుర్తొచ్చింది. హైదరాబాదులో పార్టీకి పని చేసేవాళ్లెవరో యాప్ తయారు చేసిచ్చారట. అతను దాపరికం లేకుండా చెబుతున్నాడు. నువ్వు చెయ్యనన్నావు, నీ చేత చేయించలే గదా, అని కూడా అన్నాడు. రేపు పొద్దున పోతాము, అన్నాడు.

భయం కంటే ముందు ఆమెకు సిగ్గు వేసింది. మొగుడు వేసిన ఎరకు తాను పడిపోయినందుకు. ఉన్నది పోతుందంటే మనుషులు పడిపోతారని అతనికి పాఠం చెప్పింది. లేనిది ఇస్తానంటే ఎంత సులువుగా పడిపోతారో అతను ఆమె మీదనే చేసి చూపించాడు. పక్కన కుర్చీ, రెండు ప్రశ్నలు, ఒక టీ. అంత చవకలో దొరికింది తాను. కంపెనీలో కొత్తగా చేరేవాళ్లకు ఆమె ఏడాదికోసారి పాఠం చెప్పేది. మన చేతిలో ఉన్న విద్య ఎవరి చేతికి పోతుందో చూసుకోవడం కూడా మన బాధ్యతే అని. తెరలో వాళ్లంతా తలలూపేవాళ్లు. ఆ మాట ఇంట్లో మంచం మీద పక్కన పడుకునే మనిషికి కూడా వర్తిస్తుందని ఆ పాఠంలో ఎక్కడా లేదు. ఫోను తిరిగి అతని చేతికి ఇచ్చి, సిగ్నలు లేకపోతే అట్లనే ఉంటుంది, చిక్కేమీ లేదు, అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆ సంగతి ఆమెకే ఆశ్చర్యమైంది. మెసేజి పైన ఉన్న నంబరును మనసులో అనుకుంటూ మిద్దె మీదికి వెళ్లింది.

పని నియమం ప్రకారం అయితే చాలా సులువు. ప్రమాదం ఎవరికో వాళ్లకు వెంటనే చెప్పాలి. కానీ ఎలా చెప్పాలి? ఎవరో తెలియని గొంతు ఫోను చేసి, నీకు ప్రమాదం, వెంటనే లేచి బయటికి రా అంటే, అదే పెద్ద వల. భారతమ్మ నమ్మకూడదు కూడా. నమ్మాలంటే ఆమె చేతికి ఏదైనా ఇవ్వాలి. రామేశ్వరమ్మ దగ్గర ఇవ్వడానికి తన పేరు తప్ప ఏమీ లేదు. తన ఫోను నుంచే చేసింది.

"ఎవురు?" అంది అవతలి గొంతు.

"అక్కా, నేను రామేశ్వరమ్మను. చిన్నసుబ్బయ్య ఇంటి కోడల్ని. ఆదినారాయణ పెండ్లాన్ని. నీ ఆధార్ కార్డులో నంబరు మార్చిచ్చినా, గుర్తుందా?"

అవతల తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. రామేశ్వరమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది.

"నువ్వు పులివెందులలో బస్టాండు ఎనకాల సందులో ఉండావు. మా వాళ్లకు తెలిసిపోయింది. పింఛను మెసేజి నొక్కినావే, దాని వల్ల. రేపు పొద్దున వస్తారు. పాపను పిల్చుకొని నేరుగా పోలీస్ స్టేషన్‌కు పో. ఫోను ఆఫ్ చేసి వాళ్ల చేతికియ్యి. దాంట్లో ఏదీ చెరపొద్దు."

"నాకెందుకు చెప్తాండావు?" అంది భారతమ్మ. ఆ గొంతులో కృతజ్ఞత లేదు, అనుమానమే ఉంది.

రామేశ్వరమ్మ మెట్ల వైపు చూసుకుంది. పో అక్కా, అని మాత్రం అంది.

మరుసటి రోజు జీపు పులివెందులకు వెళ్లి ఖాళీగా తిరిగి వచ్చింది. ఆదినారాయణ నేరుగా వంటింట్లోకి వచ్చి, షెల్ఫు మీదున్న ఆమె ఫోను తీసుకున్నాడు. దానికి తాళం లేదు కదా. చేసిన కాల్ అక్కడే ఉంది. చెరపడం ఆమెకు చిటికెలో పని. భారతమ్మను చెరపొద్దని చెప్పి తాను చెరపడానికి ఆమెకు మనసొప్పలేదు. అతను కొట్టలేదు. కొడితే ఆమెకు సులువయ్యేది. ఫోను షెల్ఫు మీద మళ్లీ పెట్టి, మెల్లగా చెప్పాడు.

"ఆ మెసేజి రాసింది నువ్వు. నాకు పంపింది నువ్వు. పోలీసులకు చెప్తే ముందు నీ పేరే వస్తాది. బాగా ఆలోచించుకో."

అతను చెప్పింది నిజం. ఆమె పిల్ల బట్టలూ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, కూతురు లిఖిత చెయ్యి పట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఎవరూ ఆపలేదు. ఆపకపోవడం కూడా ఒక రకంగా పొమ్మనడమే.

ప్రొద్దుటూరులో తల్లి పెంచలమ్మ మొదట ఏడ్చింది, తర్వాత ఎందుకు వచ్చిన గొడవ అంది. పోలీసులు పిలిచారు. భారతమ్మ ఫోనులో అన్నీ దొరికాయని, యాప్ పెట్టిన వాళ్ల గురించి వాకబు చేస్తున్నామని, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇస్తే సాక్షిని బెదిరించే ప్రయత్నం రుజువవుతుందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, అన్నాడు. స్టేషను వరండాలో భారతమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. నల్లగా, సన్నగా, జాకెట్టు చేతులు వదులైపోయి. రామేశ్వరమ్మ ఆమె పక్కన కూర్చుని, ఆ మెసేజిలో మాటలు తానే రాసినట్టు చెప్పింది. ఎవరికోసం రాసిందో, ఎలా పోయిందో చెప్పింది. భారతమ్మ అంతా విన్నది.

"గవర్నమెంటోళ్లు నాకు అర్థమయ్యేటట్టు రాసింది అదొక్కటే అనుకున్నా నేను. ఎవురో పుణ్యాత్ములు అమ్మా అని పిల్చినారే అనుకున్నా." కొంచెం ఆగి, "అందుకే నొక్కినా," అంది. ఆ తర్వాత కూతురు కోసమని లేచి వెళ్లిపోయింది.

రామేశ్వరమ్మ ఆ మధ్యాహ్నమే మేనేజరుకు ఫోను చేసి జరిగింది చెప్పింది. ఆయన ఓపికగా విన్నాడు. నీ ధైర్యం గొప్పది, అన్నాడు. అయితే ఆ మెసేజి బ్యాంకు కోసం మనం తయారు చేసిన పాఠంలోది కాబట్టి, వాంగ్మూలంలో కంపెనీ పేరు గానీ పాఠం సంగతి గానీ రాకుండా చూసుకోమన్నాడు. మాటలు ఎక్కడివో గుర్తులేదని చెప్పొచ్చు కదా, అన్నాడు. కొన్నాళ్లు సెలవు తీసుకోమన్నాడు. కొత్తగా చేరేవాళ్లకు ఈసారి పాఠం కార్తీక్ చెబుతాడట. చిన్నసుబ్బయ్య నవ్వి అడిగాడు, మొగుడు టీ ఇచ్చి అడిగాడు, మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. నీకు తెలిసింది మాకు పనికొచ్చేంత వరకే తెలిసి ఉండు, తర్వాత మర్చిపో అని ముగ్గురూ అడిగారు. మర్చిపోవచ్చు కూడా. భారతమ్మ ప్రాణం దక్కింది. హెచ్చరించిన దానితో తన బాధ్యత తీరిందనుకోవచ్చు. కేసులో పేరు ఇరుక్కున్న మనిషికి ఈ రంగంలో మళ్లీ ఎవరు పని ఇస్తారు. పిల్లను ఇక్కడ కొత్తగా చేర్పించిన ఇస్కూలు ఫీజు, తల్లి మందులు. రోజూ పడుకునే ముందు ఇవ్వను అనుకునేది, లేచాక ఏమనుకోవాలో తెలిసేది కాదు.

వాంగ్మూలానికి పిలిచిన దినానికి ముందు రోజు సుంకులమ్మ వచ్చింది. ఒక్కతే, బస్సులో. ఇన్నేళ్లలో ఆమె మరిది తోడు లేకుండా ఊరు దాటడం రామేశ్వరమ్మ చూడలేదు. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమిరింది. వియ్యపురాలిచ్చిన కాఫీ తాగింది. తర్వాత పిల్లను లోపలికి పంపించి, చిన్నసుబ్బయ్య చెప్పి పంపిన మాటలన్నీ వరసగా చెప్పింది. ఫోను అందరూ వాడుతారని, ఎవరు ఎప్పుడు ఏం పంపారో తెలియదని చెబితే చాలునట. ఆదినారాయణ వచ్చి పిల్చుకుని పోతాడట. జరిగింది ఎవరూ ఎత్తరట. చెప్పకపోతే మాత్రం పిల్ల తమ ఇంటి బిడ్డ అన్న సంగతి గుర్తు పెట్టుకోమన్నారట. పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, లేచి, కొంగు సర్దుకుంది. రామేశ్వరమ్మ ఖాళీ కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఈమె కూడా అంతే కదా అనుకుంది.

గడప దగ్గర సుంకులమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు.

"వాళ్లు చెప్పమన్నదంతా చెప్పినా. ఇది నేను చెప్తాండా. మీ మామను నరికిన పొద్దు నేను సద్ది తీస్కొని చేనికి పోయినా. అంతా చూసినా. నలుగురూ తెలుసు నాకు. రాజీ అయినాక నన్ను కోర్టుకు పిల్చుకపోయి, నేనేమీ సూళ్లేదని చెప్పించినారు. చెప్పినా." కొంగుతో మూతి తుడుచుకుంది. "వాళ్లల్లో ఇద్దరు ఇంకా బతికుండారు. పండగలకు మనింటికి వస్తారే, తెల్ల చొక్కాలేసుకొని. నీకు తెలుసు వాళ్లు. వాళ్లకు కాఫీ పోసేది నేనే."

చెప్పులు వేసుకుని మెట్లు దిగి, ఎండలో సందు చివరి దాకా ఆగకుండా నడిచి వెళ్లిపోయింది.

రామేశ్వరమ్మ లోపలికి వచ్చి తల్లితో, రేపు పొద్దున పిల్లను బడికి నువ్వే పంపించు మా, అంది. ఏం చెప్పబోతున్నావని పెంచలమ్మ భయంభయంగా అడిగింది.

"మొదట ఆ మెసేజి రాసింది నేనేనని చెప్తా. తర్వాత మిగిలినోళ్ల పేర్లు చెప్తా."